మేక దూరని పచ్చ దడి

ప్రశ్న: అన్నయ్య గారికి నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇంటికి తూర్పున పంట బోదె (చేలకి నీళ్లు పారే చిన్న కాలువ) వెంబడి 60 అడుగులు, ఉత్తరాన వీధి వైపు 25 అడుగులు దడి కావాలి. ఏటా తాటాకు దడి కట్టించలేక, నర్సరీలో చెప్పారని రెండేళ్ల కిందట పసుపు ఆకుల డురాంటా వేశాం. పైన గుబురుగానే ఉంది, కింద మోకాలి ఎత్తు దాకా ఒట్టి పుల్లలు. మేకలు ఆ సందుల్లోంచే వచ్చి బెండ మొక్కలు మొదలంటా మేసిపోతున్నాయి. ఇప్పుడు కోనోకార్పస్ వేయమంటున్నారు, ఏడాదిలో గోడలా లేస్తుందట. మా మరిదేమో ఏకంగా ప్రహరీ గోడ కట్టేద్దాం అంటున్నారు. నాకు ఏడాది పొడుగునా పచ్చగా ఉండే మన మొక్కలతో దడి వేయాలని ఉంది. పూజకు నాలుగు పువ్వులు వస్తే మరీ మంచిది. ముళ్ల చెట్టు, పాలు కారే చెట్టు ఇంటి ఆవరణలో వద్దని అత్తయ్య గారి పట్టు. తూర్పు దడి చివర పల్లం, వానాకాలం నీళ్లు నిలుస్తాయి. ఏం వేయమంటారు?

సమాధానం: చెల్లెమ్మా, మీరు చివర్లో మాటవరసకి రాసిన ‘పల్లం’ దగ్గరే నేను ఆగిపోయాను. దడికి ఏ మొక్క మంచిదని అడిగేవాళ్లు పువ్వు గురించి రాస్తారు, ముల్లు గురించి రాస్తారు, ఎన్నాళ్లకి పెరుగుతుందో అడుగుతారు. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో రాసేవాళ్లు నూటికొకరు. మన డెల్టాలో ఎండకి చచ్చే మొక్కల కన్నా నీళ్లలో నిలబడి చచ్చేవే ఎక్కువ. నేను 26 మొక్కలు పోగొట్టుకున్నాక గానీ నాకీ సంగతి బుర్రకెక్కలేదు. ఆ కథ కాసేపట్లో చెబుతాను.

ముందు కోనోకార్పస్ సంగతి తేల్చేద్దాం. వద్దు. అది మన నేల చెట్టు కాదు. ఏడాదిలో గోడలా లేస్తుందన్న మాట నిజమే గానీ అక్కడితో ఆగదు. తడి ఎక్కడుంటే అక్కడికి వేర్లు పంపిస్తుంది. నీళ్ల పైపుల్లో, మురుగు తూముల్లో దూరుతుంది. దాని పుప్పొడితో ఆయాసం, ఎలర్జీ వస్తున్నాయన్న ఫిర్యాదులూ ఉన్నాయి. గుజరాత్‌లో 2023లో దీన్ని నాటడమే నిషేధించారు. మీకు తూర్పున బోదె ఉంది, పెరట్లో సెప్టిక్ ట్యాంకు ఎలాగూ ఉంటుంది. ఇక చెప్పక్కర్లేదు. నర్సరీ కుర్రాడు ‘ఆయ్, నెలకో అడుగు పెరుగుద్దండి’ అని మురిపెంగా చెబుతాడు. ఆ నెలకో అడుగు కొట్టాల్సింది మాత్రం మీరు.

డురాంటా కింద ఎందుకు ఒట్టిపోయిందో కూడా చూడాలి. లేకపోతే రేపు వేసే మొక్కకీ అదే గతి పడుతుంది. నర్సరీలో నడుం ఎత్తు మొక్కలు చూడగానే మనకి ముచ్చటేస్తుంది, అవే తెచ్చి నాటేస్తాం. నాటాక తల కత్తిరించడానికి చెయ్యి రాదు. అది మనిషెత్తు పెరిగాక అప్పుడు పైన కత్తెర వేస్తాం. కత్తెర పడ్డ చోట గుబురు లేస్తుంది, ఆ గుబురు గొడుగులా కింద కొమ్మలకి నీడ కప్పేస్తుంది. ఎండ తగలని ఆకుని చెట్టు ఎన్నాళ్లో పోషించదు, రాల్చేస్తుంది. మీ మేకలకి తలుపు తీసింది ఆ గొడుగే. అంటే తప్పు సగం మొక్కది, సగం కత్తెరది. ఇంకో మాట, ఆ డురాంటాకి కాసే పసుపు పూసల్లాంటి కాయలు విషం. చిన్నపిల్లలు ఇంటికి వచ్చినప్పుడు ఓ కన్నేసి ఉంచండి.

ఇక మీ 85 అడుగుల దడి. ఒకే మొక్కతో వేయకండి. అక్కడ ఒక నేల లేదు, మూడు రకాల నేలలున్నాయి.

తూర్పు చివర నీళ్లు నిలిచే 20 అడుగులకీ వావిలి వేయండి. కాలువ గట్ల మీద, బోదెల పక్కన ఎవరూ నాటకుండానే లేచే మొక్క. అయిదేసి రెక్కల ఆకు, పైన ముదురాకుపచ్చ, వెనక బూడిద పూసినట్టు తెలుపు. గాలి వీస్తే దడి మొత్తం వెండి రంగులో తిరగబడుతుంది. కంకులుగా లేత ఊదారంగు పువ్వు పూస్తుంది, తేనెటీగలు వదలవు. వినాయక చవితి పత్రిలో ‘సింధువార పత్రం పూజయామి’ అంటామే, ఆ సింధువారం ఇదే. బాలింతలకి నీళ్లలో వేసి కాచేదీ ఇదే. ఆ ఘాటు వాసనకి మేకలు, పశువులు దగ్గరికి వచ్చినా మూతి పెట్టవు. నడి వేసవిలో కొంచెం ఆకు రాలుస్తుంది, అది ముందే చెబుతున్నాను. తడి ఉన్న చోట మరీ ఒట్టిపోదు.

మధ్యలో మెరకగా ఉన్న 40 అడుగులకీ నా ఓటు వాక చెట్టుకి. వాక్కాయ పప్పు తినని గోదావరి ఇల్లుండదు గానీ, ఆ చెట్టు దడికి ఎంత పనికొస్తుందో చాలామంది మరిచిపోయారు. ఏడాదంతా ఆకు రాలదు. ఆకు చిన్నది, దళసరి, నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. ముల్లు మామూలుది కాదు, చివర రెండుగా చీలిన ముల్లు. ఒకదాన్నించి తప్పించుకుంటే రెండోది పట్టుకుంటుంది. మాఘ ఫాల్గుణాల నించి నక్షత్రాల్లాంటి తెల్లపూలు, దాదాపు మల్లె వాసన. ఆషాఢ శ్రావణాల్లో కాయ. పచ్చికాయ పప్పులోకి, పులిహోరలోకి, పచ్చడిలోకి. పండితే ముందు గులాబీ రంగు, ఆ తర్వాత నల్లగా అవుతుంది. బేకరీలో కేకు మీద పెట్టే ఎర్రటి ‘చెర్రీ’ ఉంది చూశారూ, చాలా చోట్ల అది పంచదార పాకంలో ఊరేసి రంగు వేసిన వాక్కాయే. మా మనవరాలికి ఈ సంగతి చెబితే వారం రోజులు నమ్మలేదు.

వాకకి ఒకటే లోపం. మొదట్లో నత్తనడక. ఇంకోటి కూడా ఉంది, కాళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే ఓర్చుకోలేదు. ఇక్కడే నా కథ. పన్నెండేళ్ల కిందట మా పెరట్లో పడమటి పల్లంలో 30 వాక మొక్కలు వరసగా వేశాను. తొలి వేసవిలో కడవలతో మోసి నీళ్లు పోసి బతికించాను. ఆ అక్టోబరులో వాన పట్టుకుంది, డ్రెయిన్ పొంగింది, పెరట్లో తొమ్మిది రోజులు మడమ లోతు నీళ్లు. పదో రోజుకి నీళ్లు తీశాయి, మొక్కలు పచ్చగానే ఉన్నాయి, హమ్మయ్య అనుకున్నాను. మరో వారానికి ఒక్కో ఆకూ పసుపెక్కి రాలడం మొదలైంది. ఓ మొక్క పీకి చూస్తే వేరు నల్లబడి, వేళ్ల మధ్య నలిపితే పై తొక్క చేతికి ఊడొచ్చింది, కుళ్లు కంపు. నాలుగే బతికాయి. ఆ నాలుగూ ఎప్పుడో కాలువ పూడిక తీసినప్పుడు పోసిన మట్టి దిబ్బ మీద పడ్డవి. నా తెలివి వల్ల బతికినవి కావు, వరస అటుగా పోయింది కాబట్టి బతికాయి.

అందుకని మీరు నేల మట్టానికి గుంట తీసి నాటకండి, గట్టు పోసి నాటండి. దడి వరసకి లోపలి వైపు అడుగున్నర వెడల్పున చిన్న కాలవ తవ్వి, ఆ మట్టే పక్కకి ఎత్తి పోయిస్తే మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తు గట్టు వస్తుంది. కాలవ నీళ్లు లాగేస్తుంది, గట్టు వేరుని పైన ఉంచుతుంది. వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా, అప్పుడు మీ చుట్టుపక్కల పూడిక తీస్తుంటే రెండు ట్రాక్టర్ల పూడిక మట్టి తోలించుకోండి. నల్ల బంకమట్టి ఒక్కదాని కన్నా, ఒండ్రు కలిసింది వేరుకి సుఖం.

మీ తూర్పు గట్టున కొబ్బరి చెట్లు ఉన్నాయో లేవో రాయలేదు. కోనసీమలో లేవంటే నేను నమ్మను. కొబ్బరి మొదలుకి అటూ ఇటూ అయిదారు అడుగులు వాక వద్దు. నీడలో పలచబడుతుంది, మట్ట పడితే విరుగుతుంది. అక్కడ అడ్డసరం నాటండి. అరనీడకి ఓర్చుకుంటుంది, పొడుగాటి ఆకు, తెల్లపువ్వు లోపల ఊదా గీతలు. దీన్ని తమిళంలో ఆడాతోడ అంటారు, మేక ముట్టనిది అని. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులోకి కూడా ఆ తమిళ మాటే ఎక్కింది. మేక ముట్టని చెట్టుకి ఇంతకన్నా సర్టిఫికెట్ ఏం కావాలి? మట్ట పడి కొమ్మ విరిగినా నెల తిరిగేసరికి నాలుగు చిగుళ్లు వేస్తుంది. దగ్గు మందు చెట్టని అందరికీ తెలుసు గనక వీధి వీధంతా ఆకు కోసం వస్తారు. గర్భిణులకి మాత్రం ఆ కషాయం ఇవ్వకూడదు, అడిగినవాళ్లకి ఆ ముక్క కూడా చెప్పి ఆకు ఇవ్వండి.

ఉత్తరాన వీధి వైపు నందివర్ధనం. పూజకు నాలుగు పువ్వులన్నారు, నలభై వస్తాయి. ఏడాది పొడుగునా ఆకు ఉంటుంది, నిండా పూస్తుంది, ముల్లు లేదు కాబట్టి గేటు పక్కన పిల్లలకి భయం లేదు. నర్సరీలో అడిగేటప్పుడు మరుగుజ్జు రకం ఇవ్వకుండా చూసుకోండి, కుండీల కోసం అమ్మేది అది. నాకు ఒంటి రేకుది ఇష్టం, మా ఆవిడకి ముద్దది ఇష్టం. దడికి రెండూ ఒకటే. ఉత్తరం వైపు నూరువరహాలు వేద్దామని మీకు ఎవరైనా చెప్పే ఉంటారు. ఎర్రగా గుత్తులు చాలా అందం, మన దేశపు మొక్కే. కానీ మన బరువు నేలల్లో చాలాచోట్ల దానికి ఇనుము అందదు. ఆకు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి రోగిష్టి మొహం పెడుతుంది. తులసి కోట దగ్గర ఒకటో రెండో వేసి చూసుకోండి, వరస మొత్తం దాని మీద పెట్టకండి. గోరింట దడి పాతకాలం నించీ ఉన్నదే, నాకూ ఇష్టమే, ఏడాదంతా నిండుగా ఉండమంటే మాత్రం ఉండదు. సువాసన కోసం మురయా అనే తెల్లపూల పొద వేసేవాళ్లున్నారు. నిమ్మ తోటలకి ఆకుపచ్చ తెగులు మోసే చిన్న పురుగు దాని మీద బాగా పెరుగుతుంది, పెరట్లో నిమ్మ చెట్టు ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు.

మీ అత్తయ్య గారి మాటకి వద్దాం. పాలు కారే చెట్టు వద్దంటే ముందు నందివర్ధనమే పోతుంది. ఆకు తుంచి చూడండి, చిక్కటి పాలు. గన్నేరుకీ అంతే. వాటి పువ్వులతోనే రోజూ పూజ చేస్తున్నాం కదా అని నెమ్మదిగా ఓ రోజు చూపించండి. ముల్లు గురించి ఆవిడ భయంలో న్యాయం ఉంది. వాక ముల్లు కంటి ఎత్తులో ఉంటే ప్రమాదమే. అందుకే గుమ్మం దగ్గర, నడకదారి పక్కన నేను వాక చెప్పలేదు, బోదె వైపు సరిహద్దు గట్టు మీదే చెప్పాను. అయినా ఆవిడ ఒప్పుకోకపోతే ఇంట్లో టెన్షన్ పెట్టుకోవద్దు, ఆ 40 అడుగులూ అడ్డసరమే వేసేయండి. వాక్కాయలు సంతలో కొనుక్కోవచ్చు.

పని ఎప్పుడు ఏది అంటే, రోహిణి కార్తెలో గట్టు పోయించండి, ఆ ఎండకి మట్టి బాగా కాగాలి. గట్టు పోసేటప్పుడు అడుగున కొబ్బరి డొక్కలు ఒక వరస పరిపించండి, లోపలి పీచు పైకి ఉండేలా. వానాకాలంలో అవి నీళ్లు పీల్చుకుని ఎండల్లో వేరుకి ఇస్తాయి. మీ కోనసీమలో డొక్కలకి కరువు లేదు. మీద మొక్కకి రెండు గంపల మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి. మృగశిరలో తొలకరి పడి గట్టు ఓసారి తడిసి కుంగాక నాటండి. కుంగకముందే నాటితే మొక్క కూడా మట్టితో పాటు దిగిపోతుంది.

వాక మొక్కలు రెండున్నర అడుగులకొకటి, 40 అడుగులకీ 17 పడతాయి. ఇరవై తెచ్చుకోండి. జానెడు, జానెడున్నర ఎత్తువే తెండి, నడుం ఎత్తువి ఇచ్చినా వద్దనండి. తీరికుంటే మీరే గింజ వేసుకోవచ్చు. బాగా నల్లగా పండిన కాయ పిసికి, గింజ కడిగి, రెండు మూడు రోజుల్లోనే నారు సంచుల్లో పెట్టాలి. ఎండబెట్టి దాచిన గింజ మొలవదు. వావిలికి డబ్బు ఖర్చే లేదు. బొటనవేలు లావు ముదురు కొమ్మలు జానెడున్నర చొప్పున నరికి, మూడింట రెండు వంతులు భూమిలోకి పోయేలా, కొంచెం వాలుగా గుచ్చండి. మొదలు వైపు కిందికే ఉండాలి. నవ్వకండి, తలకిందులుగా గుచ్చినవాళ్లని చూశాను. అడుగున్నర ఎడంలో రెండు వరసలు, ఒక వరస సందుకి ఎదురుగా రెండో వరస కొమ్మ. అడ్డసరమూ కొమ్మతోనే వస్తుంది. నందివర్ధనం కొమ్మ కూడా వానల్లో వేరు పోస్తుంది గానీ ఉత్తరం వైపు గేటు పోను పది మొక్కలే కదా, కొనేయండి.

సరిహద్దు గీత మీద నాటవద్దు. మూడడుగులు లోపలికి జరగండి. రేపు బయటి వైపు కత్తిరించాలన్నా మీ జాగాలో నిలబడే కత్తిరించుకోవాలి. బోదె గట్టు ఎలాగూ ఇరిగేషన్ వాళ్లది, దాని మీద ఒక్క మొక్క కూడా పెట్టకండి.

ఇంత చేశాక మేకలు ఊరుకుంటాయా? వావిలి, అడ్డసరం ముట్టవు గానీ తొక్కి పోతాయి, వాక లేత చిగురు మెత్తగా ఉన్నన్నాళ్లు కొరికి చూస్తాయి. కాబట్టి ఈ ఒక్క ఏడాదికీ, వీలైతే వచ్చే ఏడాదికీ, తాటాకు దడి కట్టించక తప్పదు. బయట తాటాకు, లోపల మొక్క. పాత దడి చాటున కొత్త దడి పెరగాలి. డురాంటాని ఒక్కసారే పీకేయకుండా మోకాలి ఎత్తుకి నరికి ఉంచండి, రెండో వానాకాలానికి వేళ్లతో తీసేయొచ్చు. కొత్త మొక్కలకి మరీ ఆనుకుని ఉన్నవి మాత్రం ఇప్పుడే తీసేయండి.

ఇప్పుడు కత్తెర. దడి గుట్టంతా ఇక్కడే ఉంది, మీరు ఉత్తరంలో ఒక్క ముక్క కూడా అడగనిదీ ఇదే. వాక మొక్క నాటిన రెండు నెలలకి మోకాలి ఎత్తు అవుతుంది. ముచ్చటగా ఉంటుంది. అప్పుడే దాని తల సగానికి తీసేయాలి. మనసొప్పదు. నేను మొదటిసారి ఆ పని మా ఆవిడ చూడకుండా చేశాను. కొమ్మ మీద జంట ఆకులు, జంట ముళ్లు ఉన్న గణుపు కనబడుతుంది. దానికి అంగుళంలో పావు వంతు పైన కత్తెర పెట్టి టక్కున తెంపండి. తెల్లటి పాలు బొట్లు బొట్లుగా ఉబికి కత్తెర నోరు జిగటపడుతుంది. పక్కనే కొబ్బరినూనె తడిపిన గుడ్డ పెట్టుకుని నాలుగు కోతలకోసారి తుడుచుకుంటే కత్తెర పట్టేయదు. ఆ పాలు కంట్లో పడనివ్వకండి. పదిహేను ఇరవై రోజులకి ఆ గణుపు దగ్గర చెరో పక్కకీ రెండు చిగుళ్లు లేస్తాయి. ఒక్క కొమ్మ రెండైంది. ఆ రెండూ జానెడు పెరిగాక మళ్లీ సగానికి. నాలుగయ్యాయి. మొదటి రెండేళ్లూ ఇదే పని. దడి జానెడు పెరగనిచ్చి సగం జానెడు తీసేస్తూ పైకి తీసుకెళ్లాలి. మూడో ఏట నడుం ఎత్తు వస్తే చాలు, అప్పటికి కింద నేల కనబడదు. పక్కింటివాళ్లు ‘ఇంకా ఇంతేనా’ అంటారు, అననివ్వండి.

వావిలి, అడ్డసరం ఇంత సున్నితం అక్కర్లేదు. మొదటి ఏడాది ఒకసారి మోకాలికి, ఒకసారి నడుముకి మచ్చుకత్తితో నరికేసినా మళ్లీ లేస్తాయి.

దడికి ఆకారం కూడా ఉంది. కింద వెడల్పు, పైకి పోనుపోను సన్నం, మన ధాన్యపు కుప్పలా. కింద మూడడుగులుంటే పైన అడుగున్నర. అలా ఉంటేనే పొద్దుటి ఎండ మొదలు దాకా దిగుతుంది. చాలామంది పై అంచుని పలకలా చదును చేసి పక్కల్ని నిట్టనిలువుగా దించుతారు, నాలుగేళ్లకి మళ్లీ మీ డురాంటా కథే. కంటితో కత్తిరిస్తే వంకర పోతుంది. రెండు కర్రలు పాతి పురికొస లాగి కట్టుకోండి.

పెద్ద కోత ఏడాదికి ఒకటే. వాక్కాయ కోత అయిపోయాక, భాద్రపదంలో. అప్పుడు కత్తిరిస్తే కొత్త కొమ్మ మాఘానికి ముదిరి పూతకొస్తుంది. అక్టోబరు, నవంబరు తుపాన్లకి ముందు పై బరువు తగ్గడం ఇంకో లాభం. సంక్రాంతి తర్వాత కత్తిరిస్తే పూత పోతుంది. ఎండాకాలంలో అసలు వద్దు, లోపల నీడలో ఉన్న లేత ఆకు ఒక్కసారి ఎండలో పడి మాడిపోతుంది. పైగా అప్పుడు పికిలిపిట్టలు గూడు పెడతాయి. ఏ నెలలో కత్తెర పట్టుకున్నా ముందు కొమ్మలు నెమ్మదిగా తప్పించి గూడు ఉందేమో చూసుకోండి. వాక కత్తిరింపులు రోడ్డు మీద పడేయకండి, ఎండినా ఆ ముల్లు సైకిలు టైరుని వదలదు. గోతిలో వేసి కాల్చేయాల్సిందే.

సందు పడితే? పడుతుంది. మొక్క ఒకటి చచ్చిపోతుంది, మేకలకి ఆ సంగతి మనకన్నా ముందే తెలుస్తుంది. అక్కడ కొత్త మొక్క పెడితే పెద్ద వేర్ల మధ్య అది తేరుకోదు. పక్క మొక్క కింది కొమ్మని వంచి, మధ్యలో వేలెడు మేర తొక్క గీరి, మట్టిలో తొక్కి పైన ఇటుక పెట్టండి. చివర జానెడు పైకి ఉండాలి. ఈ నేలంటు నందివర్ధనానికి బాగా పనిచేస్తుంది, వాకకి కొంచెం ఆలస్యంగా వస్తుంది. వేరు పోసేదాకా ఆ సందుకి రెండు తాటి మట్టలు అడ్డం కట్టండి.

నందివర్ధనానికి ఒక దొంగ ఉన్నాడు. పొద్దున్నే పువ్వులకి వెళ్తే రాత్రి ఉన్న ఆకు ఉండదు, కొమ్మ చివర ఈనె పుల్లలు మిగులుతాయి. చెట్టంతా వెతికినా పురుగు కనబడదు. కింద నేల మీద చూడండి. మిరియాల్లాంటి నల్లటి పెంటికలు ఉంటే వాటికి నిట్టనిలువుగా పైన ఆకు వెనక వాడు ఉంటాడు. మన వేలంత లావు, అచ్చం ఆకు రంగే, తోక దగ్గర చిన్న కొమ్ము. ముట్టుకుంటే తల వంచి, మెడ మీద రెండు నీలం కళ్లు తెరిచినట్టు చూపిస్తాడు. అవి కళ్లు కావు, మచ్చలు, పిట్టల్ని బెదిరించడానికి. ఇవి గన్నేరు మీద కూడా బతికే పెద్ద రెక్కల పురుగు పిల్లలు. మందు కొట్టే పని లేదు, పది మొక్కలకి మహా అయితే నాలుగైదు ఉంటాయి. చీపురు పుల్లతో డబ్బాలోకి తోసి అవతల వదిలేయండి. ఆకు మళ్లీ వస్తుంది. తెల్లటి పిండినల్లి పడితే మాత్రం చీమలు పాకుతున్న కొమ్మ కత్తిరించి, మిగతాదానికి సబ్బునీళ్లలో కాస్త వేపనూనె కలిపి కొట్టండి.

పాముల మాట మీరు రాయలేదు గానీ మీ ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. దడికి పాము రాదు, ఎలక కోసం వస్తుంది. దడి కింద చెత్త కుప్పలు, డొక్కల గుట్టలు, పాత కట్టెలు ఉంటే ఎలకలు చేరతాయి. డొక్కలు మట్టి కిందే ఉండాలి, పైన పలచగా ఎండుటాకు చాలు. వారానికోసారి చీపురు కర్రతో దడి మొదలు కొట్టుకుంటూ ఆ చివర నించి ఈ చివరికి నడవండి.

తొలి రెండు వేసవులే కష్టం. ఏప్రిల్‌లో కాలువ కట్టేశాక బోదెలో చుక్క ఉండదు. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే అవి మొక్కలకి పోయకండి. బియ్యం, కూరలు కడిగిన నీళ్లు, స్నానాల గది నీళ్లు గట్టు వైపు తిప్పుకోండి. వారానికి రెండుసార్లు మొదలు తడిస్తే చాలు, మూడో ఏట నించి వాక మిమ్మల్ని నీళ్లడగదు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇసుక నేలల్లో ఉన్నవాళ్లకి ఈ జవాబు అంతగా పనికిరాదు. ఆ ఉప్పుగాలికి మొగలి, పొన్న తట్టుకుంటాయి. వాళ్లకి ఇంకోసారి రాస్తాను.

మీ మరిది గారి గోడ మాట. ఆయన్ని తప్పుపట్టను, గోడకి నీళ్లు పోయక్కర్లేదు. కానీ 1996 నవంబరు 6న తుపాను వచ్చినప్పుడు మేం ముమ్మిడివరం దగ్గర ఉండేవాళ్లం. తెల్లారి చూస్తే మా వీధిలో రెండు ప్రహరీ గోడలు పడుకుని ఉన్నాయి. వాటి పక్కనే ముసలాయన ఒకరి వావిలి దడి, ఆకు ఒక్కటి లేదు, పుల్లలన్నీ పడమటికి వాలి నిలబడి ఉంది. సంక్రాంతి నాటికి చిగిర్చింది. గోడ గాలికి ఎదురు నిలుస్తుంది, దడి గాలిని జల్లెడ పట్టి వదులుతుంది. ఈ కథ చెప్పినా ఆయన గోడే అంటే, రెండడుగుల గోడ ఆయన వాటా వైపు కట్టుకోమనండి, లోపల మీ దడి మీరు వేసుకోండి. ఒక్కటి మాత్రం మరిచిపోకండి. నాటకముందే ఇద్దరూ కలిసి సర్వే రాళ్లు ఎక్కడున్నాయో చూసుకుని, వాటికి సున్నం కొట్టి, ఒక్కో రాయి చుట్టూ రెండడుగులు ఖాళీ వదలండి. పదేళ్ల తర్వాత వాక దడిలో చెయ్యి పెట్టి సర్వే రాయి వెతకడం ఎంత నరకమో నాకు తెలుసు, మోచేతి మీద ఇంకా గీత ఉంది.

వావిలి కొమ్మలు కొనకండి. మీ బోదె వెంబడే ఓ ఫర్లాంగు నడవండి, ఎక్కడో ఒకచోట పొద ఉంటుంది. చేనువారిని ఓ మాట అడిగి, ముప్పైకి నలభై కొమ్మలు నరుక్కు రండి. శ్రావణంలో ఎన్ని చిగిర్చాయో ఓ కార్డు ముక్క రాయండి.